ఎందుకు పారిపోయాడన్నది అనవసరమా?

1977లో అమెరికాలోని ఇల్లినాయ్ సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పుని మనం మన కళ్ళతో చదవాలి. కారు దొంగతనం కింద ఒకటి నుంచి మూడేళ్ళ శిక్షపడ్డ ఖైదీ అతను. స్టేట్‌విల్ జైలు నుంచి కాపలా తక్కువుండే జైలు పొలానికి మార్చారు. అక్కడ తోటి ఖైదీలు తనని చెరిచారనీ, ‘ఫిర్యాదు చేశావటగా, చస్తావ్’ అని ఫోన్లో బెదిరింపు వచ్చిందనీ అతని సాక్ష్యం. 1972 మార్చిలో పొలం విడిచి పోయాడు. రెండ్రోజులకి దొరికాడు. ఎందుకు పోయాడన్నది మీకనవసరం అని కింది కోర్టు జడ్జి జ్యూరీకి చెప్పాడు. శిక్ష మూడు నుంచి తొమ్మిదేళ్ళు!

ఆ మాట తప్పనీ, మళ్ళీ విచారించాలనీ సుప్రీంకోర్టు అంది. ముందుగా అధికార్లకి చెప్పుకోలేదనో, బయటపడగానే లొంగిపోలేదనో అతని వాదన వినకుండా కొట్టెయ్యకూడదంది. మంచిదే. అయితే ఫిర్యాదు చేస్తేనే చావొచ్చే చోట ఫిర్యాదు చెయ్యలేదేమని అడగటమేంటి? బోనెక్కింది ఖైదీ ఒక్కడే, ఆ జైలు ఎక్కలేదు.

మన దేశంలో ఈ ‘ఎందుకు’కి జవాబు పుట్టుకలోనే రాసిపెట్టారు. రాత్రి కాపలాకి పెట్టే ఖైదీ, పారిపోయే సహజగుణమున్న సంచార తెగలవాడై ఉండకూడదంది పశ్చిమ బెంగాల్ జైలు కోడ్ 404వ రూలు. అంటే అడుగు కదపకముందే వాడు పారిపోయినోడు. అది చదువుకున్న జైలరు, ఆ తెగ మనిషి పెరోల్ నుంచి ఒకరోజు ఆలస్యంగా వస్తే కారణం అడుగుతాడా? సుకన్యా శాంత కేసులో సుప్రీంకోర్టు 2024 అక్టోబర్ 3న కొట్టేసేదాకా ఆ రూలు పుస్తకంలో ఉంది.