ఇంటి బల్లపై శిలాజశుద్ధి: ధూళి, పెచ్చుల నిర్వహణపై విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతం:

శిలాజాన్ని మాతృశిలనుండి వేరుచేయడమంటే ఆచరణలో ఆ రాతిని పొడిచేయడమే. ఎముక ఎంత చక్కగా బయటపడిందన్న దానిపై నిలిచే దృష్టి, పొడి అయిన రాయి ఎక్కడికి పోయిందన్న ప్రశ్నపై సాధారణంగా నిలవదు. ధూళిని పీల్చివేసే గొట్టాలు, వేరే గది, వేరే దుస్తులు ఉన్న మ్యూజియం ప్రయోగశాలలో ఈ నిర్లక్ష్యం కొంతవరకు చెల్లుతుంది. అదే పని వంటగది పక్కనున్న బల్లమీదికి వచ్చినప్పుడు చెల్లదు. ఔత్సాహికుడు తన ఊపిరితిత్తులకు కలిగే ప్రమాదాన్ని తెలిసి ఎంచుకుంటాడు. అదే గాలి పీల్చే ఇంటివారికి ఆ ఎంపిక లేదు. ఇంటి శిలాజశుద్ధిపై ప్రచారంలో ఉన్న సలహాలను ఈ కోణంనుండి పరిశీలించవలసి ఉంది.

ఇల్లే ప్రయోగశాల అయినప్పుడు:

ఇంటిని శిలాజశాలగా మార్చినవారిలో గిడియన్ మాంటెల్ (1790–1852) ప్రముఖుడు. ఇంగ్లండులోని లూయిస్ పట్టణంలో వైద్యుడు. 1822లో వెలువడిన ఆయన గ్రంథానికి చిత్రఫలకాలు సమకూర్చినది భార్య మేరీ ఆన్. 1825లో ఇగ్వానోడాన్‌కు పేరు పెట్టాడు. 1833లో బ్రైటన్‌కు మారాక ఇల్లే మ్యూజియంగా మారింది. 1834లో మెయిడ్‌స్టోన్ రాతిగనిలో దొరికిన ఇగ్వానోడాన్ ఎముకల రాతిఫలకాన్ని మిత్రులు కొని ఇవ్వగా, దానిలోని ఎముకలను ఉలితో చెక్కి బయటికి తీశాడు. 1838లో ఆ సేకరణ బ్రిటిష్ మ్యూజియంకు అమ్ముడుపోయింది. మరుసటి ఏడు భార్య ఆయనను విడిచి వెళ్ళింది.

ఈ కథను ఒక మనిషి వ్యసనంగానో, విజ్ఞానానికి చేసిన త్యాగంగానో చెప్పడం పరిపాటి. రెండు పఠనాలూ ఆ ఇంటిని నేపథ్యంగానే చూస్తాయి. రాతిపని చేసేవారి శ్వాసరోగాలను ఇటలీ వైద్యుడు రమజ్జినీ వృత్తిరోగాలపై 1700లో వెలువరించిన గ్రంథంలోనే వర్ణించాడు. అంటే రాతిధూళి హాని మాంటెల్ పుట్టకముందే వైద్యగ్రంథాలకెక్కిన విషయం. లూయిస్ పరిసరాల సుద్దరాయి ప్రధానంగా కాల్షియం కార్బొనేటు కనుక దాని పొడి ఇబ్బంది పెట్టినా సిలికోసిస్‌కు దారితీయదు. ఇగ్వానోడాన్ దంతాలు దొరికిన టిల్‌గేట్ ప్రాంతపు ఇసుకరాయి సంగతి వేరు. దానిలో ఉన్నది పలుగురాయి రేణువులే. ఒకే బల్లమీద, ఒకే ఉలితో చేసిన రెండు పనులకు ప్రమాదం ఒకటి కాదు. రాయి ఏదో తెలుసుకోకుండా ‘జాగ్రత్త వహించాలి’ అనే సలహా ఎందుకు నిష్ప్రయోజనమో ఈ ఒక్క ఉదాహరణ చాలు.

కనిపించే ధూళి, కనిపించని ధూళి:

పని ముగిశాక బల్లపై పేరుకున్న పొడిని చూసి ధూళిని అంచనా వేయడం సహజం. అయితే పేరుకున్నది దిగిపోయిన ధూళి. హానిచేసేది ఇంకా దిగనిది. నిశ్చలమైన గాలిలో 10 మైక్రాన్ల పలుగురాయి రేణువు మీటరున్నర ఎత్తునుండి సుమారు మూడు నిమిషాల్లో నేలకు చేరుతుంది. 1 మైక్రాన్ రేణువుకు అదే దూరం దిగడానికి దాదాపు ఐదు గంటలు పడుతుంది. ఫ్యాను తిరిగే గదిలో అది ఎప్పుడు దిగుతుందో చెప్పలేము. ఊపిరితిత్తుల లోతుకు చేరేది ఈ సూక్ష్మరేణువే. పీల్చే స్ఫటికరూప సిలికాను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లో క్యాన్సర్ కారకంగా వర్గీకరించింది. అమెరికా వృత్తిభద్రతా సంస్థ 2016లో పనిచోట్లకు విధించిన పరిమితి ఎనిమిది గంటల సగటున ఘనపు మీటరు గాలికి 50 మైక్రోగ్రాములు. ముప్పై ఘనపు మీటర్ల చిన్నగదిలో ఆ సాంద్రతకు చేరడానికి గాలిలో తేలే సిలికా ఒకటిన్నర మిల్లీగ్రాము ఉంటే చాలు. అది చిటికెడు కూడా కాదు. పైగా ఆ పరిమితి ఆరోగ్యవంతులైన పనివారిని దృష్టిలో ఉంచుకొని నిర్ణయించినది, పసిపిల్లలను కాదు.

మాస్కుతో మొదలయ్యే సలహాలోని లోపం:

ఇంటి శుద్ధికి చెప్పే జాగ్రత్తల్లో మాస్కు తరచుగా మొదటి స్థానంలో ఉంటుంది. వృత్తిభద్రతా శాస్త్రం దానిని చివరి స్థానంలో ఉంచుతుంది. ప్రమాదాన్ని తొలగించడం, తక్కువ ప్రమాదమున్న పద్ధతిని ఎంచుకోవడం, పుట్టినచోటనే ధూళిని పట్టడం – ఇవన్నీ అయ్యాక మిగిలినదానికే మాస్కు. ముఖానికి బిగుతుగా అతికిన ఎన్95 మాస్కు ధరించినవారిని కాపాడుతుంది. గడ్డం ఉంటే ఆ మేరకు కూడా కాపాడదు. పక్కగదిలో నిద్రించేవారికి దానివల్ల ఒరిగేదేమీ లేదు. మాస్కును మొదట చెప్పే సలహా పనిచేసే మనిషి ఒంటరిగా ఉన్నాడని ఊహిస్తుంది. ఇంటి విషయంలో ఆ ఊహ తప్పు.

పద్ధతిని ఎంచుకోవడంలోనే సగం పరిష్కారం ఉంది. సూది, చేతి ఉలి ముతకపొడిని ఎక్కువగానూ సన్నపొడిని తక్కువగానూ రాలుస్తాయి. కంప్రెసర్‌తో నడిచే గాలి ఉలి వేగంగా చెక్కుతుంది గాని, దానినుండి వెలువడే గాలి మొన దగ్గరే ధూళిని ఎగరగొడుతుంది. పొడిని చిమ్మి రాతిని అరగదీసే యంత్రం ఇంకా ఎక్కువ ధూళిని పుట్టిస్తుంది. అక్కడ చిమ్మే పొడి కాఠిన్యం ముఖ్యం. మోస్ మానంలో వంటసోడా సుమారు 2.5, డోలమైటు 3.5 నుండి 4, అల్యూమినియం ఆక్సైడు 9. శిలాజాస్థిలోని ఎపటైటు 5. కాబట్టి మెత్తనిపొడి ఎముకకు మేలు. అయితే వంటసోడా వాడినంత మాత్రాన ధూళి నిరపాయకరం కాదు, అరిగేది ఇసుకరాయి అయినప్పుడు.

ధూళి పుట్టని మార్గం కూడా ఉంది. సున్నపురాతిలోని ఎముకలను ఎసిటిక్ ఆమ్లంతో వెలికితీసే పద్ధతిని హ్యారీ టూంబ్స్ 1948లో వివరించాడు. దానిని విస్తరించిన ఎ. ఇ. రిక్సన్ 1976లో శిలాజశుద్ధిపై ఒక సమగ్ర గ్రంథమే వెలువరించాడు. కాని ఆమ్లం ఇసుకరాతిపై పనిచేయదు, సున్నపు గవ్వలను రాతితోపాటే కరిగిస్తుంది, దాని ఆవిరి మరో సమస్య. తడిపి చెక్కితే ధూళి అణుగుతుంది. అయితే పైరైటు ఉన్న శిలాజం తేమకు చెడుతుంది, బంకమన్నురాయి ఉబ్బి పగులుతుంది.

మిగిలింది ధూళిని పుట్టినచోటే పట్టడం. పారదర్శకమైన మూత, చేతులకు రెండు రంధ్రాలు, వెనుకనుండి గాలిని లాగే గొట్టం ఉన్న పెట్టె చాలు, ఖరీదైనదే కానక్కరలేదు. దూరాన్ని మాత్రం ఉపేక్షించరాదు. తెరచిన గొట్టం మూతినుండి దాని వ్యాసమంత దూరంలోనే గాలి లాగుడు వేగం పదోవంతుకన్నా తగ్గిపోతుంది. బల్లకు అడుగున్నర దూరాన పెట్టిన గొట్టం అలంకారమే. సాధారణ వాక్యూమ్ క్లీనర్ సన్నపొడిని వెనుకనుండి గదిలోకే వదులుతుంది, 0.3 మైక్రాన్ రేణువుల్లో 99.97 శాతాన్ని ఆపే హెపా వడపోత ఉండాలి. పని తరువాత చీపురు, కంప్రెసర్ గాలి రెండూ నిషిద్ధం, తడిగుడ్డే తగినది. రాతిబురదను సింకులో పోయక బకెట్టులో తేరనిచ్చి పారవేయాలి.

పారవేయరాని పెచ్చులు:

ధూళిని వదిలించుకోవాలన్న తొందరలో పెచ్చులను కూడా వదిలించుకోవడం రెండో పొరపాటు. ప్రాణహిత–గోదావరి లోయలోని కోటా శిలాశ్రేణి ఇందుకు మంచి ఉదాహరణ. హైదరాబాదు బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టిన కోటాసారస్ అస్థిపంజరం ఆ శ్రేణిదే. 1981లో దత్తా వర్ణించిన తొలికాలపు క్షీరదం కోటాథీరియమ్ హాల్డేనై కూడా అక్కడిదే. అది తెలిసింది మిల్లీమీటర్లలో కొలవవలసిన దంతం ద్వారా. భారీ ఎముకను శుద్ధిచేస్తూ అలాంటి దంతాన్ని గొట్టంలోకి లాగివేయడం అసాధ్యమేమీ కాదు. అందువల్ల గొట్టానికి, యంత్రానికి మధ్య ముతక ముక్కలు నిలిచిపోయే జాడీ ఉండాలి. పెచ్చులు ముందుగా పళ్ళెంలో పడాలి. ఒక్కో నమూనాకు ఒక్కో సంచి, దానిపై పేరు, తేదీ ఉండాలి. విరిగిన ఎముక అంచు అతకవలసి వచ్చేది చాలాసార్లు పని చివరలోనే.

శిలాజశుద్ధి చేసేవారి శ్రమ పరిశోధనపత్రాల్లో కనిపించకుండాపోతుందని కైట్లిన్ వైలీ 2021 నాటి తన గ్రంథంలో నిరూపించింది. ఆమె పరిశీలన మ్యూజియం ప్రయోగశాలలది. ఇంటి బల్లమీది పనికి ఆ అదృశ్యత మరింత ఎక్కువ. ఏ రాయి, ఏ పనిముట్టు, ఏ పొడి, పెచ్చులు ఎక్కడ ఉన్నాయి అన్న నాలుగు వివరాలు కూడా సాధారణంగా రాసి ఉంచరు. ఆ నమూనా తరువాత ఏ సంస్థకు చేరినా తొలి ప్రశ్నలు అవే. కొన్ని రాళ్ళకు ఈ వివరం ముందే తెలియాలి. పశ్చిమ అమెరికాలోని మోరిసన్ శిలాశ్రేణి డైనోసార్ ఎముకల్లో యురేనియం ఉండవచ్చు. అలాంటి ఎముకను ఇంట్లో పొడిగా చెక్కడానికి ఏ పెట్టె, ఏ వడపోత సమర్థన కాజాలవు. దానిని తగిన వసతులున్న ప్రయోగశాలకు అప్పగించవలసిందే.