పింఛను వచ్చాక పద్యం

మా బాబాయి ఆర్టీసీలో 34 ఏళ్లు కండక్టరుగా చేశాడు. రిటైరైన వారానికే శాలువాలు బీరువాలో పెట్టేసి, పక్క ఊళ్లోని హార్మోనిస్టు ఇంటికి వెళ్లాడు. "మాస్టారూ, నాకు హరిశ్చంద్ర కాటిసీను నేర్పాలండీ" అని అడిగాడు. చిన్నప్పుడు శ్రీరామనవమి పందిట్లో తెల్లవార్లూ చూసిన నాటకం ఆయన్ని అన్నేళ్లూ వదల్లేదు.

మాస్టారికి డెబ్బై దాటాయి. ఏదీ, ఒక పద్యం ఎత్తుకోమన్నారు. బాబాయి ఐదు శ్రుతి పట్టమన్నాడు. రెండో పాదానికే గొంతు జీరబోయింది. మాస్టారు శ్రుతిని నాలుగుకి దించి, "శ్రుతి పెంచితే పద్యం పెరగదండీ" అన్నారు. రంగస్థల పద్యం మీద అంతకంటే మంచి మాట నేను వినలేదు.

తొలి పాఠం ఊపిరి. ఉత్పలమాలలో పాదానికి 20 అక్షరాలు, శార్దూలంలో 19. పాదం అయిపోయినా మాట అయిపోదు. సగం ఈ పాదంలో ఉంటే, మిగతా సగం కింది పాదంలో ఉంటుంది. పాదం చివర ఊపిరి తీస్తే మాట తెగుతుంది, ముందు వరసలో కూర్చున్నవాడికి కూడా భావం అందదు. అందుకే మాస్టారు వారం రోజులు రాగం ముట్టుకోనివ్వలేదు. పద్యాన్ని వచనంలా చదివించారు. ఈ మాట ఎవరితో అంటున్నావు, ఎందుకంటున్నావు అని అడిగి అడిగి చెప్పించారు. అర్థం ఆగే చోట మాత్రమే పెన్సిలుతో గీత పెట్టించారు. ఊపిరి అక్కడే. అది కుదిరాకే కాపీ, సింధుభైరవి రాగాలు.

అరవై దాటిన గుండెకి ఇది తేలిక కాదు. అయినా ఈ విద్యకి వయసు అడ్డం కాదనే నేనంటాను. గొంతులో కొంత పోతుంది, మాటలో బరువు వస్తుంది. హరిశ్చంద్రుడి పద్యానికి కావలసింది ఆ బరువే. పైగా బస్టాండులో ఊళ్ల పేర్లు కేకేసిన గొంతు బాబాయిది. మైకు లేకపోయినా పందిరి చివరిదాకా వినిపిస్తుంది.

వృత్తి చేసుకుంటూ రంగస్థలాన్ని నిలబెట్టినవాళ్లు మనకి మొదటినుంచీ ఉన్నారు. తెలుగు నాటకంలోకి పాటనీ పద్యాన్నీ తెచ్చింది ధర్మవరం రామకృష్ణమాచార్యులని చెబుతారు. ఆయన బళ్లారి వకీలు. మహానటుడు బళ్లారి రాఘవ కూడా వకీలే. ఇక కేవలం కళే బతుకైన మహానుభావులు! శ్రీకృష్ణ తులాభారంలో సత్యభామగా స్థానం నరసింహారావు నడిచొస్తే ఆడవాళ్లు కూడా ఆ నడక చూసి ఆశ్చర్యపోయేవారట. ఆ నాటకంలో 'మీరజాలగలడా' పాట రాసుకున్నదీ ఆయనే. 1956లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. నోట్లో వేలు పెట్టి ఈలతోనే రాగం పలికించిన కల్యాణం రఘురామయ్యకి 'ఈలపాట' ఇంటిపేరే అయిపోయింది. హరిశ్చంద్రుడంటే డి.వి. సుబ్బారావు పేరు చెప్పని ఊరుందా? బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన ఆ నాటకం కాటిసీనులోకి జాషువా శ్మశానవాటి పద్యాలు వచ్చి చేరాక, శ్మశానమే మాట్లాడినట్టయింది.

రాగం ఎంతసేపు తీస్తే అంత గొప్ప అనేవాళ్లున్నారు. నేను వాళ్లలో లేను. నా ఓటు పీసపాటి నరసింహమూర్తికే. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల్లో ఆయన కృష్ణుడిగా నిలబడితే, రాగం మాటకి దారి ఇచ్చేది. రాయబారానికి వచ్చినవాడు సభలో మాట్లాడతాడు కానీ సంగీత కచేరీ చెయ్యడు కదా!

ఇప్పుడు జరుగుతున్నది చూస్తే కడుపు మండుతోంది. పెడల్ హార్మోనియం మూలన పడింది. దాని స్థానంలో కీబోర్డు, రిథమ్ ప్యాడు. కొన్నిచోట్ల ఎవరో పాడిన ట్రాకు వేసి పెదవులు కదుపుతున్నారు. సీనుకీ సీనుకీ మధ్య రికార్డింగ్ డ్యాన్సు. ఇంకా బాధ కలిగించే సంగతి, రిటైరైన మనవాళ్లే కొందరు డబ్బు కట్టి పాత్ర కొనుక్కుంటున్నారు. కిరీటం అద్దెకి దొరుకుతుంది, పద్యం దొరకదు. రెండు రోజుల్లో బట్టీపట్టిన నాలుగు పద్యాలకి తన చుట్టాలచేతే వన్స్‌మోర్ అనిపించుకోవడం కళాసేవ కాదు, కళకి చేసే అవమానం. అది చూసిన కుర్రాడు పద్యనాటకమంటే ఇంతేనేమో అనుకుని లేచిపోతాడు. మళ్లీ రాడు.

బాబాయికి పద్నాలుగు నెలలు పట్టింది. మొన్న నవమి పందిట్లో నల్లగొంగళి కప్పుకుని, కర్ర భుజాన వేసుకుని నిలబడ్డాడు. మొదటిరోజు తెగిపోయిన ఆ రెండో పాదం చివరికి వచ్చేసరికి నా ఊపిరి ఆగింది. ఆయనది ఆగలేదు. మాట చెక్కుచెదరకుండా మూడో పాదంలోకి నడిచి, అర్థం పూర్తయ్యాక ఆగింది. జనం వన్స్‌మోర్ అన్నారు. మాస్టారు బెల్లోస్ మీంచి కాలు తీసేశారు. బాబాయి తర్వాతి మాటలోకి వెళ్లిపోయాడు.

రిటైరైన పెద్దలందరికీ నాదొక విన్నపం. మీ చుట్టుపక్కల ఊళ్లలో హార్మోనియం మీద గుడ్డ కప్పుకుని కూర్చున్న మాస్టారు ఎవరో ఒకరు ఉండే ఉంటారు. ఆయన దగ్గరికి శిష్యులుగా వెళ్లండి. మీకు తీరిక దొరికింది, ఆయనకి అంత తీరిక లేదు.