చల్ల చిలికే ఆచారాలు, విశ్వాసాలు – ఒక విమర్శనాత్మక పరిశీలన

చల్ల చిలకడం చుట్టూ అల్లుకున్న ఆచారాలను సాధారణంగా రెండు విధాలుగా వ్యాఖ్యానిస్తుంటారు. మూఢనమ్మకాలని తోసిపుచ్చడం ఒకటి, ప్రతి ఆచారం వెనుకా శాస్త్రం దాగి ఉందని సమర్థించడం మరొకటి. కవ్వపుతాడు లాగిన స్త్రీ ఈ రెండింటిలోనూ కనిపించదు.

వెన్న పడని రోజునే పరిశీలించవచ్చు. పెరుగు మరీ చల్లబడితే కొవ్వు కణాలు గట్టిపడి ఒకదానికొకటి అంటుకోవు. వేడెక్కితే మెత్తబడి ముద్దకట్టవు. వేసవిలో చన్నీళ్లు, చలికాలంలో గోరువెచ్చని నీళ్లు కలపడం, తెల్లవారకముందే కవ్వం పట్టడం ఇందుకే. వట్టిపోవడానికి దగ్గరైన పశువు పాలలో వెన్న ఆలస్యంగా పడుతుంది. ఇవన్నీ చిలికే స్త్రీ చేతికి తెలిసిన సంగతులే. అయినా వెన్న రానినాడు ఎవరి దిష్టో తగిలిందంటారు, ముట్టు సరిగా పాటించలేదంటారు, ఆమె చేయి మంచిది కాదంటారు. వెన్న దండిగా పడితే అది లక్ష్మీకటాక్షం. అప్పుడు మాత్రం ఆమె చేతి ప్రస్తావన ఉండదు.

దీపాలు పెట్టాక పెరుగు, మజ్జిగ బయటికి ఇవ్వరాదనే నియమం ఇంకొంత సంక్లిష్టమైనది. మరునాటి తోడు కోసమే ఈ కట్టుబాటు అనే వివరణ సగమే నిలుస్తుంది. తోడుకు చెంచాడు పెరుగు చాలు. వెన్న, నెయ్యి డబ్బుతో సమానం కనుక వాటిని ఊరికే అడిగేవారుండరు. చల్లను అడిగినవారికి లేదనడం మర్యాద కాదు. ‘చల్లకొచ్చి ముంత దాచినట్లు’ అనే సామెత అడిగేవారి బిడియాన్ని పట్టుకుంది. ఇవ్వవలసిన ఇల్లాలి ఇబ్బందికి అందులో చోటు లేదు. లక్ష్మి వెళ్లిపోతుందన్న మాట, ఆమెకు ఎవరినీ నొప్పించకుండా కాదనగల వీలు కల్పించింది. ఆమెను నిందించే విశ్వాసవ్యవస్థలోనే ఈ వెసులుబాటూ ఉండడం గమనార్హం.

గుర్రంకొండ సమీపంలోని తరిగొండ స్థలపురాణాన్ని ఈ నేపథ్యంలో మళ్లీ చదవవలసి ఉంది. ‘తరి’ అంటే చిలకడం. చల్ల చిలుకుతున్న స్త్రీ కుండలో రాయి దొరికిందని, అదే నరసింహస్వామిగా వెలసిందని, ‘తరికుండ’ తరిగొండ అయిందని కథనం. ఈ ఊరికే చెందిన వెంగమాంబ (1730–1817) ఆ స్వామిపై శతకం చెప్పింది. చిలికేటప్పుడు కుండలో ఎదురైన అడ్డంకి మరో ఇంట అపశకునమయ్యేది, ఇక్కడ దైవమయింది. కానీ ఈ కథను కేవలం మహిమగా చదివే వ్యాఖ్యానాలు రాయి దగ్గరే ఆగిపోతున్నాయి. కుండలో మార్పును మొదట పసిగట్టినది చిలికే చేయి. కథలో ఆ స్త్రీ తరువాత ఏమైందన్న ప్రశ్న ఇంకా పరిశోధన పరిధిలోకి రావలసే ఉంది.