రెండు బొమ్మల నడుమ

గోదావరికి ఎఱ్ఱనీరు దిగి, మణుగూరు బొగ్గుగనులమీద ముసురు విడువక కురియుచున్న వానకాలపు దినములలో, హైదరాబాదునుండి వచ్చిన నా మనుమడు తన సంచిలోనుండి తీసి నా మంచముమీద పెట్టిన బొమ్మలకథల పుస్తకములను, మొదట వాని మాట త్రోసివేయలేకయు, పిమ్మట నా కుతూహలమును నేనే ఆపుకొనలేకయు, ఒకటి విడువక చదివితిని. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు ప్రారంభించిన ‘చందమామ’ పుటలలో శంకర్ గీసిన విక్రమార్కుని, అతని భుజముపై వ్రేలాడు శవమును చూచుచు పెరిగిన కన్నులకు ఆ పరదేశపు వీరులు అంతగా క్రొత్తవారని తోపలేదు. బొమ్మను చూచుచు కథ వినుట ఈ నేలకు అచ్చుయంత్రము రాకమునుపే అబ్బిన విద్య గదా!

1938లో జెర్రీ సీగెల్, జో షుస్టర్ అను ఇరువురు యువకులు లోకమునకు పరిచయము చేసిన సూపర్‌మాన్ కథలో నన్ను కట్టిపడవైచినది ఆ వీరుడు ఆకాశమున ఎగురుట కాదు. నశించుచున్న గ్రహమునుండి కన్నవారు పంపివేసిన పసివానిని, కులగోత్రము లెరుగని ఒక రైతుదంపతులు ఎత్తుకొని తమ బిడ్డగా పెంచుకొనుట. ఆ పుట చదువుచున్నపుడు నాకు మేడారపు వనదేవత సమ్మక్క జన్మగాథ స్మరణకు వచ్చినది. వేటకు పోయిన కోయదొరలకు అడవిలో పులుల నడుమ ఆడుకొనుచున్న పసిపాప కనబడినదనియు, ఆమెను గూడెమునకు తెచ్చి పెంచుకొనిరనియు మా ప్రాంతమున చెప్పుకొనని యిల్లు లేదు. 1962లో స్టాన్ లీ, స్టీవ్ డిట్కోలు సృష్టించిన స్పైడర్‌మాన్ కథ యింకను లోతుగా తాకినది. పట్టగలిగియు తనకేమని విడిచిపెట్టిన దొంగయే తనను పెంచిన పెదతండ్రిని చంపినాడని తెలిసిన ఆ బాలుని ముఖమును చూచినపుడు, బలము చేతికి వచ్చినంత మాత్రమున ధర్మము వెంటరాదనియు, అది పశ్చాత్తాపమను పొయ్యిలో కాగి గాని రాదనియు ఒక్క బొమ్మ బోధించినట్లయ్యెను.

రుచింపనివియు కలవు. 1936లో లీ ఫాక్ కల్పించిన ఫాంటమ్ వేషము తండ్రినుండి కొడుకునకు సంక్రమించుచు, చావులేని వీరుడను నమ్మకమును నిలుపుట చక్కని యుక్తియే. కాని అడవిబిడ్డలను కాపాడుటకు వెలుపలినుండి ఒక దొర రావలెనను ఊహకు నా మనసు సమ్మతింపలేదు. మా అడవి తన వీరులను తానే కన్నది. మరియొక కొరత: 1992లో సూపర్‌మాన్‌ను చంపిన రచయితలు మరుసటి సంవత్సరమే అతనిని బ్రతికించిరి. తిరిగివచ్చుట నిశ్చయమైనపుడు పోవుటకు బరువెక్కడిది? కాకతీయ సేనలతో పోరాడి సంపెంగవాగులో ప్రాణము విడిచిన సమ్మక్క కొడుకు జంపన్న తిరిగి రాలేదు. అతని పేరే ఆ వాగునకు పేరై, నేటికిని లక్షలాది జనులు ఆ నీటిలో మునిగి గాని తల్లి గద్దెలను దర్శింపరు. ఆ కట్ట ముగించిన రాత్రియే కేశవరెడ్డి గారి ‘అతడు అడవిని జయించాడు’ మరల తీసితిని. తప్పిపోయిన పందికై అడవి చొచ్చిన ఆ ముసలివానికి ఏ అద్భుతశక్తియు లేదు, ముఖమున ముసుగు లేదు. ఐనను ఆ ఒక్క రాత్రిలో అతడు చూపిన ధైర్యము ముందు ఎగురు వీరులందఱును నాకు చిన్నవారై కనబడిరి.

ఇక ఆ పుస్తకముల శిల్పమును గూర్చి చెప్పవలెను. ఒక గడిలో వీరుని పిడికిలి పైకెత్తబడి యుండును. తరువాతి గడిలో శత్రువు నేలపై పడియుండును. దెబ్బ మాత్రము ఏ గడిలోను లేదు. ఆ దెబ్బ పడినది రెండు గడుల నడుమనున్న తెల్లని సందులో. దానిని కొట్టినవాడు పాఠకుడు. సన్నని గడులు వరుసగా వచ్చినచో కాలము పరుగెత్తును. పుటంతయు ఒకే బొమ్మయైనచో ఊపిరి నిలిచిపోవును. ధ్వనికి సైతము ఆకారము కల్పించి, పేలుడును పెద్ద అక్షరములతో కంటికి వినిపింతురు. చిత్రకారుడు గీయక విడిచినదానిని పాఠకునిచే గీయించుటయే ఈ విద్యలోని జీవము.

ఈ రహస్యము మన తెలంగాణమునకు క్రొత్తది కాదు. చేర్యాల నకాశీ చిత్రకారులు ఖద్దరుగుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి కలిపి పూసి, ఎఱ్ఱని నేలపై బొమ్మలు దిద్ది, పూలతీగల అంచులతో గడులు విడదీసి, పదుల అడుగుల పటముపై ఒక పురాణమునంతటిని పరచుదురు. పద్మశాలీలకు కూనపులివారు, గౌడులకు గౌడజెట్టివారు, ముదిరాజులకు కాకిపడగలవారు అట్టి పటములను విప్పుచు, ఏ గడికి కథ వచ్చినదో ఆ గడిని చూపుచు, రాత్రి తెల్లవార్లు తమ దాతృకులముల మూలకథలను గానము చేయుదురు. వారి పటములో బొమ్మ కదలదు, పాట కదలును. చదువరి మనసు పుస్తకమున చేయు పనిని ఇచట గాయకుని కంఠమును శ్రోత మనసును పంచుకొని చేయును.

మా కోయలలో ఆ పని డోలీలనబడు గాయకులది. కోయ వంశములు గట్టులుగా విభక్తములై యున్నవి. ప్రతి గట్టునకును తన వేల్పులు, తన పూర్వులు కలరు. ఆ పూర్వుల రూపములను పొందుపరచిన పొడవైన త్రికోణాకారపు గుడ్డకు పడిగె యని పేరు. కొలుపువేళ పడిగె విప్పబడి, డోలు మ్రోగి, డోలీ కంఠమెత్తినపుడు, ఆ గుడ్డమీది బొమ్మలు కేవలము బొమ్మలుగా నుండవు. అచ్చు పుస్తకములోని వీరుడు పాఠకునకు ఏమియు కాడు. పుస్తకము మూసినచో ఆ బాంధవ్యము ముగియును. పడిగెలోని వీరుడో, ఎదుట కూర్చున్న శ్రోతకు తాత ముత్తాత. డోలీ వంశక్రమమును వరుసగా చెప్పుచు వచ్చినపుడు ఆ వరుస చివర నిలిచినవాడు వినువాడే. కావున పడిగెలోని చిట్టచివరి గడి గుడ్డమీద లేదు; దాని ముందర కూర్చుండి యున్నది.

ఈ విద్యకు మా మణుగూరు మండలము కూనవరము గ్రామమున పుట్టిన సకిని రామచంద్రయ్య గారు ప్రాణము పోసిరి. కోయభాషలోను తెలుగులోను సమ్మక్క, ఆమె కూతురు సారలమ్మల గాథను, కోయ వీరుల చరిత్రలను గానము చేయగల ఆ డోలీ కళాకారునకు 2022లో భారత ప్రభుత్వము పద్మశ్రీ నిచ్చి గౌరవించినది. 2024 జూన్‌లో రామచంద్రయ్య గారు కన్నుమూసిరి. ఒక గ్రంథకర్త మరణించినచో గ్రంథము మిగులును. డోలీ మరణించినపుడు పడిగె మిగిలియు మూగదగును. బొమ్మల నడిమి సందులను నింపు కంఠమే లేనిచో, చూచువానికి అవి ఆయుధములు పట్టిన కొందఱు మనుష్యులు మాత్రమే. అందుచేత ఆ పాటలను తెలుగులోనికి మార్చి భద్రపరచుట చాలదు. కోయభాషలోనే, డోలుతో సహా, ఒక్కొక్క గట్టు కథను పూర్తిగా ధ్వనిముద్రణ చేయవలెను. మన్యములోని ప్రతి పాఠశాలలోను పిల్లల యెదుట పడిగె విప్పి కథ చెప్పింపవలెను. చెప్పు డోలీకి గురుస్థానమును, గురువునకు తగిన జీతమును ఈయవలెను. పరదేశపు వీరుల పేర్లు తడుముకొనక చెప్పు పిల్లలు పగిడిద్దరాజెవరని అడిగినచో తెల్లబోవుట వారి దోషము కాదు, చెప్పవలసిన మనదే.

ఆ రాత్రి దీపము దగ్గర మనుమనికి మేడారపు కథ చెప్పితిని. కరవు కాలమున కప్పము కట్టలేని కోయలపై సేనలు వచ్చుట, సమ్మక్క భర్త పగిడిద్దరాజు, సారలమ్మ, అల్లుడు గోవిందరాజులు నేలకొరుగుట, గాయపడిన సమ్మక్క చిలకలగుట్ట వైపు నడచి కనుమరుగగుట, వెదకబోయినవారికి చెట్టుక్రింద కుంకుమభరిణె మాత్రమే దొరకుట విని, వాడు, “మరి గుడిలో అమ్మవారి బొమ్మ ఎలా ఉంటుంది తాతయ్యా?” అని అడిగెను. గద్దెపై విగ్రహము లేదనియు, రెండేండ్ల కొకమారు మాఘ పున్నమి జాతరలో గుట్టనుండి కుంకుమభరిణెను తెచ్చుటయే తల్లి రాక యనియు చెప్పితిని. వాడు చాలసేపు మాటాడలేదు.

మరునాటి ఉదయము నా దినచర్య పుస్తకపు వెనుకపుటలో పెన్సిలుతో గీచిన రెండు గడులు కనబడినవి. మొదటిదానిలో ఒక స్త్రీ గుట్ట ఎక్కుచున్నది. రెండవదానిలో చెట్టుక్రింద భరిణె యున్నది. రెంటి నడుమ జానెడు కాగితము తెల్లగా విడువబడినది. “ఇక్కడ ఏమీ గీయలేదేమిరా?” అని అడిగితిని.

“అక్కడ నువ్వు పాడాలి తాతయ్యా” అన్నాడు.

నాకు ఆ పాట రాదు. వాన తెరపి ఇచ్చిన వెంటనే వాని చేయి పట్టుకొని, ఆ పాట వచ్చినవారిని వెదకికొనుచు కూనవరము త్రోవ పట్టితిని.