మెరిసే సిపాయిలు

ఈ వారం నన్ను చిరాకు పెట్టినవాడు ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్న కుర్రాడు. ఈ కాలమ్ చదివే వచ్చానన్నాడు కాబట్టి సగం నేరం నాదే. బూట్ల డబ్బాలోంచి ఒక పటాలాన్ని తీసి నా బల్ల మీద నిలబెట్టాడు. 28 మిల్లీమీటర్ల బొమ్మలు, ఎర్రకోట్ల సిపాయిలు. రంగు శుభ్రంగా ఉంది, మడతల్లోకి నీడ బాగా దిగింది, బెల్టుల అంచులు ఎక్కడా చెదరలేదు. కానీ ట్యూబులైటు కింద ఒక్కొక్కడూ ఒళ్లంతా నూనె రాసుకున్న పహిల్వానులా తళతళలాడిపోతున్నాడు.

"మెరుపు పోయే మ్యాట్ వార్నిష్ కొట్టలేదేం?" అన్నాను.

"ఎందుకంకుల్? ఆడుకునేవేగా!" అన్నాడు.

పాత పాఠకులకు నా సంగతి తెలుసు. మెరిసే బొమ్మను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. బొమ్మను అంత కష్టపడి మనిషిని చేసి, ఆఖరున వార్నిష్‌తో మళ్లీ బొమ్మను చేయడం దేనికని ఇక్కడే ఎన్నోసార్లు రాశాను. ఆ కుర్రాడికీ అదే చెప్పబోయి, ముందు నీడ ఎందుకు వేస్తామో ఎత్తుకున్నాను. నిలువెత్తు మనిషిని దాదాపు అరవయ్యో వంతుకు కుదిస్తే ఈ సిపాయి తయారవుతాడు. మనిషిని కుదించగలం, గదిలో వెలుతురును కుదించలేం. నిజం కోటు మడతలో పడే చీకటి, అర మిల్లీమీటరు లోతున్న గాడిలో పడదు. అన్ని వైపుల నుంచీ వెలుతురు దూరిపోతుంది. అందుకే ఆ చీకటిని మనమే రంగుతో తెచ్చి అక్కడ పెట్టాలి.

దానికి వాష్ ఉంది. పల్చటి రంగునీళ్లు. పూస్తే ఎత్తుల మీంచి జారి పల్లాల్లో నిలుస్తాయి. 2012లో గేమ్స్ వర్క్‌షాప్ వాళ్లు న్యూల్న్ ఆయిల్, అగ్రాక్స్ ఎర్త్‌షేడ్ అనే సీసాలు తెచ్చాక, సీసాలో పోసి అమ్ముతున్న పనితనం ఇదేనని బొమ్మలవాళ్లు జోకులేసుకున్నారు. అంత తేలికేం కాదు. వాష్ ఎక్కువైన చోట మడుగు కడుతుంది. ఆరేటప్పుడు రంగంతా మడుగు అంచుకు చేరి మరక పడుతుంది. తడి మీద ఉండగానే ఖాళీ కుంచె మొనతో ఆ మడుగును పీల్చేయాలి. సగం ఆరాక ముట్టుకున్నారో, కింది రంగుతో సహా లేచివస్తుంది. మన ఎండాకాలంలో ఆ "సగం ఆరాక" అనేది ఫ్యాను కింద రెప్పపాటులో వచ్చేస్తుంది.

ఇక ఎరుపు. దీని మీద నా పాత పాట మళ్లీ పాడక తప్పదు. ఎరుపుకు నలుపుతో నీడ వేయకండి, బొగ్గుల బస్తా మోసినవాడి కోటవుతుంది. ముదురు గోధుమరంగు వేయండి. వెలుగు పడే అంచులకు తెలుపు కలపకండి, గులాబీరంగు తేలుతుంది. నారింజ కలపండి. కుర్రాడు ఇవన్నీ పాటించాడు, నేను తప్పు పట్టడానికి మెరుపు తప్ప ఏమీ మిగల్చలేదు.

ఏ యుద్ధం వాళ్లని అడిగాను. "చందుర్తి" అన్నాడు. అక్కడితో నా చిరాకు సగం దిగిపోయింది.

వాటర్లూ బొమ్మలు వేసేవాళ్లు కొల్లలు. గొల్లప్రోలు దగ్గరి చందుర్తి పొలాలను బల్ల మీదికి తెద్దామనుకున్నవాణ్ని నేను మొదటిసారి చూశాను. 1758 డిసెంబరు. ఒక పక్క ఫోర్డ్ నడిపిస్తున్న ఇంగ్లీషు కంపెనీ సైన్యం, దానికి తోడు పూసపాటి ఆనందగజపతిరాజు మనుషులు. రెండో పక్క కాన్‌ఫ్లాన్స్ కింద ఫ్రెంచివాళ్లు. కంపెనీ తెల్లసోల్జర్ల పటాలం మధ్యలో ఉంది, కానీ ఏపుగా పెరిగిన చేను దాన్ని కప్పేసింది. దానికి పక్కన నిలబడ్డ సిపాయిలు ఎర్రకోట్లు తొడుక్కుని ఉన్నారు. ఫ్రెంచివాళ్లకు దూరం నుంచి కనిపించింది ఎరుపొక్కటే. ఎరుపంటే తెల్లవాళ్లేననుకుని బలమంతా ఆ సిపాయిల మీదికే పంపారు. సిపాయిలు వెనక్కి తగ్గారు, ఫ్రెంచివాళ్లు వరస తప్పి వెంటపడ్డారు. అప్పుడు చేనులోంచి అసలు పటాలం బయటికొచ్చి పక్కనుంచి కాల్చింది. ఆట ముగిసింది. నాలుగు నెలలు తిరిగేసరికి 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట కూడా ఫ్రెంచివాళ్ల చేజారిపోయింది.

ఈ కథ నాకు కొత్తది కాదు. కుర్రాడి బొమ్మలు ఎదురుగా పెట్టుకుని తలుచుకుంటే మాత్రం ఒకటి తట్టింది. ఆ రోజు ఫ్రెంచివాళ్లు కోటు మడతలు చూడలేదు. రంగు చూశారు, అంతే. బల్ల ఆ చివరినుంచి ఈ చివరికి చూసే ఆటగాడు కూడా అంతే చూస్తాడు. బొమ్మను కంటికి జానెడు దూరంలో పెట్టుకుని మురిసిపోయేది వేసినవాడొక్కడే.

నీడ ఎలా వేశావని అడిగితే డిప్ అన్నాడు. మన వడ్రంగులు టేకు తలుపులకు కొట్టే పాలియురెథేన్ వార్నిష్‌లో గోధుమరంగు కలిస్తే అదే డిప్. అమెరికాలో బొమ్మలవాళ్లు మొదట చెక్కసామానుకు వాడే మిన్‌వ్యాక్స్ పాలిషేడ్స్ డబ్బాలోనే బొమ్మల్ని ముంచేవారు. తర్వాత ఆర్మీ పెయింటర్ వాళ్లు క్విక్‌షేడ్ పేరుతో బొమ్మల కోసమే దాన్ని డబ్బాల్లో తెచ్చారు. ముంచి విదిలించవచ్చు, కుంచెతో పూయనూ వచ్చు. నీడా, కవచమూ ఒక్క దెబ్బతో పడతాయి. నిండా ఒక రోజు ఆరనిచ్చి, పైన మ్యాట్ స్ప్రే కొట్టి మెరుపు చంపడం ఆనవాయితీ.

మ్యాట్‌లో మెరుపు చచ్చేది సిలికా వల్ల. దాని సన్నటి రేణువులు పైపొరలో నిలిచి వెలుతురును చెదరగొడతాయి. అయితే వాటికి వెలుగు చోటు, నీడ చోటు అన్న తేడా తెలీదు. అంత జాగ్రత్తగా దింపిన చీకట్ల మీద కూడా పల్చటి బూడిదరంగు పొర పరుస్తాయి. మెరిసే వార్నిష్ కింద అదే నీడ, అదే ఎరుపు ఇంకాస్త లోతుగా కనిపిస్తాయి. ఇది ఎప్పుడూ ఎరిగిందే. మ్యాట్ చల్లాక పోయిన లోతును మళ్లీ రంగుతో తెచ్చుకోవడమే పనితనమని ఇన్నాళ్లూ సమర్థించుకుంటూ వచ్చాను.

"పైగా వర్షాకాలంలో స్ప్రే ముట్టుకోవద్దని మీరే రాశారుగా అంకుల్!" అన్నాడు కుర్రాడు. రాశాను. గాలిలో తేమ ఉన్నప్పుడు కొడితే పొర తెల్లగా మసకబారి, వారాల కష్టం మంచులో మునిగిపోతుంది. దాన్ని వదలగొట్టడానికి చాలామంది చేసేదేమిటంటే, మళ్లీ మెరిసే వార్నిష్ పూయడం!

మా అమ్మమ్మగారింట్లో బొమ్మల కొలువు మూడో మెట్టు మీద కొండపల్లి అంబారీ ఏనుగు ఉండేది. దానికి నీడా లేదు, వెలుగూ లేదు. ఒక్క రంగు, దాని మీద గీతలు, పైన ఎనామిల్ మెరుపు. మనవలందరం దాని తొండం పట్టుకునే లాక్కెళ్లేవాళ్లం. కొండపల్లి దాకా ఎందుకు, 1893లో లండన్‌లో విలియం బ్రిటన్ పోతపోసిన బోలు సీసపు సిపాయిలూ మెరిసేవే. 1913లో లిటిల్ వార్స్ అని బొమ్మ సిపాయిల ఆటకు పుస్తకం రాసిన హెచ్.జి. వెల్స్ నేల మీద మోకరిల్లి ఆడింది అలాంటి సిపాయిలతోనే. మెరుపు అవమానంగా తోచడం మొదలయ్యింది, బొమ్మను చేతిలోంచి తీసి అద్దాల బీరువాలో పెట్టాకనే అనుకుంటా.

నా దగ్గరా సగం వేసిన ఎర్రకోట్లు కొన్ని ఉన్నాయి. వాటిని డిప్‌లో ముంచి, మెరుపు మీదే వదిలేయబోతున్నాను. ఉత్తరాలు రాయదలచినవారు రాసుకోవచ్చు.

రాజావారి మనుషుల తెల్లబట్టల సంగతి మాత్రం వేరు. పాలియురెథేన్‌కు పుట్టుకతోనే తేనెరంగు ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ ఇంకా ముదురుతుంది. దాని కింద తెలుపు తెలుపుగా ఉండదు. వాటికి మడతల వరకే సన్నటి గోధుమ వాష్ గీసి, నీళ్లతో కలిసే యాక్రిలిక్ వార్నిష్ కుంచెతో పూయాలని నా పట్టు. కుర్రాడు వాటినీ ముంచుతానంటున్నాడు. డిసెంబరు పొలాల్లో అన్ని మైళ్లు నడిచొచ్చినవాళ్ల పంచెలు మాసిపోకుండా ఎలా ఉంటాయని అడుగుతున్నాడు. ఆదివారం మళ్లీ వస్తానన్నాడు, ఈసారి ఏనుగుల్ని తెస్తాడట.