మోకు పట్టుకుని కొండెక్కిన కాలం

స్కీయింగ్ గురించి ఎవరు మాట్లాడినా దిగడం గురించే మాట్లాడతారు. వేగం, మలుపులు, పతకాలు. అమెరికాలోని న్యూ ఇంగ్లండ్‌కు వచ్చి, పిల్లలతో చలికాలపు శనివారాలు మంచు వాలుల మీద గడపడం మొదలయ్యాక నా ధ్యాస ఎక్కడం మీదికి మళ్లింది. మెకానికల్ ఇంజనీరుని కావడం ఒక కారణం. ఆ ఎక్కించే యంత్రాల చరిత్ర తవ్వుకుంటూ పోతే ఇంకో సంగతి తెలిసింది: ఈ ఆట ఎవరికి అందాలో, ఎవరికి అందకూడదో ప్రతి తరంలోనూ ఆ యంత్రమే తేలుస్తూ వచ్చింది.

1931 నుంచి బోస్టన్ జనం కోసం మంచు రైళ్లు నడిచాయి. వారాంతంలో రైలెక్కి న్యూ హాంప్‌షైర్ కొండల దగ్గర దిగేవాళ్లు. అక్కడి నుంచి పైకి మాత్రం సొంత కాళ్లే. బరువైన చెక్క స్కీలతో మంచులో అడ్డంగా అడుగులేస్తూ గంటసేపు ఎక్కితే, దిగడం నిమిషాల్లో అయిపోయేది. రోజంతా కష్టపడితే నాలుగైదు దిగుడులు. వయసులో ఉన్నవాళ్లు, కాలేజీ కుర్రాళ్లు తట్టుకున్నారు. మిగిలినవాళ్లు కింద నిలబడి చూశారు.

వెర్మాంట్ రాష్ట్రంలోని వుడ్‌స్టాక్ చిన్న ఊరు. అక్కడ వైట్ కబ్బర్డ్ ఇన్ అనే బస నడిపే రాయిస్ దంపతులకు న్యూయార్క్ అతిథులు ఈ ఎక్కే కష్టం గురించే మొర పెట్టుకున్నారు. కెనడాలోని షాబ్రిడ్జ్‌లో అలెక్స్ ఫోస్టర్ అనే అతను పాత కారును దిమ్మెల మీద నిలిపి, దాని చక్రానికి తాడు చుట్టి జనాన్ని కొండెక్కిస్తున్నాడన్న కబురు అప్పటికే ఈ పక్కకు చేరింది. రాయిస్ దంపతులు డబ్బు పెట్టారు. క్లింటన్ గిల్బర్ట్ అనే రైతు పశువులు మేపుకునే కొండ వాలు దొరికింది. 1934 జనవరిలో ఫోర్డ్ మోడల్ టి ఇంజన్‌తో తిరిగే మోకు ఆ వాలు మీద జనాన్ని పైకి లాగింది. అమెరికాలో మోకు లిఫ్టుల కథ ఆ బీడులో మొదలైంది.

అందులో ఉన్న సామాను చూడండి. రెండు కొసలూ కలిపి అల్లిన పొడవాటి మోకు, దాన్ని మోయడానికి గిలకలు, తిప్పడానికి ఒక ఇంజన్. రైతు పాకలోనూ ఊరి మెకానిక్ షెడ్డులోనూ లేనిది ఏదీ లేదు. నన్ను కట్టిపడేసింది ఇదే. చాలా ఊళ్లలో కారు చక్రాల రిమ్ములే గిలకలయ్యాయి. చలికాలంలో పొలం పని లేని రైతుకు ఆ మోకు నాలుగు డబ్బులు తెచ్చింది. మరుసటి శీతకాలం వుడ్‌స్టాక్ మోకును చేతిలోకి తీసుకున్న స్కీ శిక్షకుడు బన్నీ బెర్ట్రమ్, 1936లో ఇంకా నిటారైన కొండ చూసుకుని అక్కడ సూసైడ్ సిక్స్ అనే స్కీ స్థలం తెరిచాడు.

మోకు పట్టుకోవడం ఒక విద్య. పరుగెత్తే మోకును ఒక్కసారిగా బిగించి పట్టుకుంటే భుజాలు ఊడినంత పనవుతుంది. ముందు అరచేతుల్లోంచి జారనివ్వాలి, పిడికిలి కొద్దికొద్దిగా బిగించాలి, స్కీలు కదిలాక గట్టిగా పట్టుకోవాలి. ఒక చెయ్యి ముందు, ఇంకోటి నడుం వెనక. జనపనారను పోలిన మనీలా నారతో పేనిన మోకు మంచుకు తడిసి బరువెక్కుతుంది, ఉన్ని చేతి తొడుగుల్ని కొద్ది రోజుల్లోనే కొరికేస్తుంది. అందుకే పైన తోలు తొడుగు వేసుకునేవాళ్లు. ఇంకో ప్రమాదం ఉంది. పేనిన మోకు లాగుడుకు తనలో తాను తిరుగుతుంది. వదులుగా వేలాడే కండువానో జడనో చుట్టుకుందంటే మనిషిని గిలక దాకా ఈడ్చుకుపోతుంది. అందుకని పైకొసన అడ్డంగా తీగో కర్రో పెట్టారు. మోకు వదలలేని మనిషి దానికి తగలగానే ఇంజన్ ఆగిపోతుంది. చాలా తేలికైన ఏర్పాటు. నా వృత్తిలో చూసిన భద్రతా సాధనాల్లో దీన్ని మించి నచ్చింది లేదు.

యూరప్‌లో ఈ పని వుడ్‌స్టాక్ మోకు కన్నా పాతికేళ్లు ముందే మొదలైంది. జర్మనీ బ్లాక్ ఫారెస్ట్‌లోని షోలాఖ్‌లో రాబర్ట్ వింటర్‌హాల్డర్ అనే బస యజమాని 1908లోనే తన మరను తిప్పే నీటి బలంతో అతిథులను వాలు మీదికి లాగించాడు. స్విట్జర్లాండ్ దావోస్‌లో 1934 డిసెంబరులో ఇంజనీరు ఎర్నెస్ట్ కాన్‌స్టామ్ లిఫ్టు వచ్చాక చేతులతో వేలాడే బాధ తప్పింది. పైన నడిచే ఇనుప తాడుకు వేలాడే కొక్కెం నడుం కిందికి వచ్చి తోసేది. ఇటు న్యూ హాంప్‌షైర్ జాక్సన్ ఊళ్లో పైతాడుకు పార పిడులు కట్టి, వాటిని జనం పట్టుకునేలా చేశారు. మెయిల్ ఆర్డరులో తెప్పించిన పార పిడులు! ఆ రోజుల చొరవ ఎలాంటిదో చెప్పడానికి నాకు ఆ పిడులు చాలు.

కుర్చీ లిఫ్టు పుట్టుక వేరే. ఐడహోలో సన్ వ్యాలీ విడిదిని యూనియన్ పసిఫిక్ రైలు కంపెనీ కట్టించింది. ఓడల్లోకి అరటి గెలలు ఎక్కించే కొక్కేల తాడు గురించి తెలిసిన ఆ కంపెనీ ఇంజనీరు జేమ్స్ కర్రన్, కొక్కెం ఉండే చోట కుర్చీ గీశాడు. 1936 చివర్లో అది నడిచింది. 1940లో వెర్మాంట్ స్టో కొండకు ఒంటి కుర్చీ లిఫ్టు వచ్చింది. కూర్చుని పోవడం హాయే, కాదనను. ముసలివాళ్లూ పసివాళ్లూ కొండ చివర చూశారంటే దాని చలవే. అయితే ఉక్కు స్తంభాలు, కాంక్రీటు పునాదులు, పెట్టుబడి, ఇంజనీర్ల తనిఖీలు రైతు చేతిలో ఉండేవి కావు. కొండ కంపెనీల పాలైంది.

ఆపైన హైవేలు వచ్చి నగరవాసిని నేరుగా పెద్ద కొండల దగ్గర దించాయి. మంచు సరిగా పడని శీతకాలాలు వచ్చాయి; కృత్రిమ మంచు చల్లే యంత్రాలు కొనగలిగినవాళ్లు నిలబడ్డారు. 1973లో పెట్రోలు కొరత, ఆ దశాబ్దం చివర్లో బీమా ఖర్చు. న్యూ ఇంగ్లండ్‌లో మూతబడిన స్కీ కొండల్ని 1998 నుంచి కొందరు పనిగట్టుకుని నమోదు చేస్తున్నారు. లెక్క ఆరువందలు దాటింది. అందులో చాలామటుకు ఒక్క మోకుతో నడిచినవే. ఈ నష్టం నాకు బాధ కలిగిస్తుంది. పెద్ద కొండ మీద ఒక రోజు టికెట్టు వందల డాలర్లకు చేరగలిగిన ఈ కాలంలో, మామూలు కుటుంబంలోని పిల్ల మొదటిసారి స్కీలు కట్టుకోవాలంటే ఆ చిన్న వాలులే కావాలి.

కొన్ని మిగిలాయి. వెర్మాంట్ ఈస్ట్ కొరింత్‌లో నార్త్ఈస్ట్ స్లోప్స్ 1936లో మొదలైంది, ఈనాటికీ ఊరివాళ్లే జీతం లేకుండా మోకు నడుపుతారు. మ్యాడ్ రివర్ గ్లెన్ కొండను 1995లో స్కీయర్లే సహకార సంఘం పెట్టుకుని కొన్నారు; 1948 నాటి ఒంటి కుర్చీ లిఫ్టు పాతబడ్డాక ఇద్దరు కూర్చునే కొత్తది వేయించుకునే వీలున్నా, 2007లో ఒంటి కుర్చీనే పునరుద్ధరించారు. ఎక్కేవాళ్లు తక్కువైతే దిగే దారి ఇరుకవదని వాళ్లకు తెలుసు. లాభం లెక్క చూసే కంపెనీ ఆ నిర్ణయం తీసుకునేదని నేననుకోను.

మోకు కొసలు అతికే పనిని ఇంకా చేత్తోనే చేస్తారు. రెండు కొసల పురులూ చాలా దూరం విప్పి, ఒకదాని ఖాళీలో ఇంకోటి దూర్చుతూ పేనాలి. అతుకు దగ్గర లావెక్కిందంటే గిలక మీద ఎగిరిపడుతుంది. అది తెలిసినవాళ్లు ఈ చుట్టుపక్కల ఊళ్లలో ఉన్నారు, అడిగితే నేర్పుతారు. చలికాలం లోపే వెళ్లి నేర్చుకుంటాను, మా అమ్మాయిని కూడా తీసుకెళ్తాను.