నీటి బరువు తెలిసిన ఫోటోలు

సుపీరియర్ సరస్సు ఉత్తర తీరంలో ఫోటోలు తీసేవాళ్లు కెమెరా సర్దుకునే ముందు గాలి ఎటునుంచి వీస్తోందో చూసుకుంటారు. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రపు డులూత్ నగరం నుంచి కెనడా సరిహద్దు దాకా ఈశాన్యంగా సాగిపోయే రాతి తీరం అది. సరస్సు పొడవు 560 కిలోమీటర్ల పైమాటే. ఈశాన్య గాలి పట్టిందంటే చాలా దూరం నుంచి నీటిని తోసుకొచ్చి ఈ బండల మీద పడేస్తుంది. వాయవ్య గాలి అయితే వెనకున్న కొండల మీదుగా దిగి నీటిని లోపలికి నెడుతుంది, ఒడ్డు దగ్గర చిన్న అల కూడా లేవదు. ఒకే బండ దగ్గర, ఒకే వెలుగులో, ఈ రెండు గాలులకు రెండు వేరువేరు ఫోటోలు వస్తాయి.

విస్తీర్ణంలో ప్రపంచంలోని మంచినీటి సరస్సులన్నిటికంటే పెద్దది సుపీరియర్. 82,100 చదరపు కిలోమీటర్లు, అంటే మన తెలంగాణలో ముప్పాతికకు దగ్గర. బాగా లోతైన చోట 406 మీటర్లు. ఒడ్డున నిలబడితే సముద్రమే అనిపిస్తుంది గానీ నీటి నడక వేరు. సముద్రంలో ఎక్కడో దూరాన రేగిన తుఫాను అలలు దారిలో సర్దుకుని, ఎడం ఎడంగా ఒడ్డుకు చేరతాయి. ఇక్కడి అల ఇక్కడి గాలికే పుట్టాలి. అందుకే అలకూ అలకూ మధ్య ఎడం తక్కువ, అల ముఖం నిటారు. ఒక అల వెనక్కి మళ్లి ఇంకొకటి మీద పడేలోపు ఫోటోగ్రాఫరుకు దొరికేది కొద్ది సెకన్లు. ఈ తీరం ఫోటోల్లో పనితనమంతా ఆ కొద్ది సెకన్లను ఎలా వాడుకున్నారన్న దాంట్లోనే ఉందని నా నమ్మకం.

మిన్నియాపాలిస్‌లో ఉద్యోగం చేసుకుంటూ, చలికాలం సెలవులు దొరికినప్పుడల్లా ఉత్తర తీరానికి బయల్దేరే తెలుగు మిత్రుడొకాయన తీసిన ప్రింటు నా బల్ల మీద ఉంది. పేరు వేయొద్దన్నారు, వేయడం లేదు. గ్రాండ్ మరే అనే చిన్న రేవు ఊళ్లో ఆర్టిస్ట్స్ పాయింట్ అని నీళ్లలోకి పొడుచుకొచ్చిన నల్లరాతి కొస ఒకటుంది. అక్కడ, డిసెంబరు చివర్లో, పొద్దు పొడవబోయే ముందు తీసిందిది.

ఫోటోలో సూర్యుడు లేడు. ఆకాశం పైన సన్నటి పట్టీలా మాత్రమే ఉంది. తక్కినదంతా రాయీ నీరూ. కింద ఎడమ మూల నుంచి బండలో ఒక పగులు నీటి వైపు ఏటవాలుగా వెళ్తుంది. అందులో చేరిన నీళ్లు గడ్డకట్టి తెల్లబడ్డాయి. కుడివైపు, బండ మీదికి ఎక్కిన అల అప్పుడే వెనక్కి జారుతోంది. ఆ జారే నీరు తెల్లటి గీతలుగా పడింది. గీతలన్నీ ఒకే తీరుగా లేవు. రాతి మీద బొడిపె వచ్చిన చోట విడిపోయి, బొడిపె దాటాక కలుసుకున్నాయి. చిన్న గుంట దగ్గర ఒకసారి సుడి తిరిగి ముందుకు పోయాయి. వాటిని వెంబడిస్తూ చూస్తుంటే బండ ఎక్కడ నునుపో, ఎక్కడ గరుకో వేలితో తడిమినట్టు తెలిసిపోతుంది. వెనక రెండో అల విరగడానికి సిద్ధంగా ఉంది. దాని అంచు బూడిదరంగు కలిసిన ఆకుపచ్చ.

ఇది అర సెకను ఎక్స్‌పోజర్. ఆ అర సెకనును ఎంచుకోవడంలోనే మిత్రుడి పనితనం నాకు అన్నిటికంటే ఎక్కువ కనిపిస్తుంది. షట్టర్ సెకనులో వెయ్యో వంతుకు పెడితే ప్రతి చుక్కా గాల్లోనే ఆగిపోతుంది, విరిగి ఎగసిన కెరటం ఎత్తు తెలుస్తుంది గానీ నీరు ఎటు పోతోందో తెలియదు. వెలుగును తగ్గించే ముదురు ఎన్‌డి ఫిల్టరు తగిలించి షట్టరును ఒకటి రెండు నిమిషాలు తెరిచి ఉంచితే, వచ్చిన అలలూ పోయిన అలలూ ఒకదాని మీద ఒకటి పడి, నీరంతా పొగమంచులా పరుచుకుంటుంది. ఇప్పుడు ఈ రెండో పద్ధతి మీద మోజు బాగా ఎక్కువ. గాలి లేని ఉదయాల్లో, రాళ్లు తక్కువగా ఉన్న చోట అది అందంగానే ఉంటుంది. కానీ ఈ సరస్సుకు అది సరిపోదని గట్టిగా చెప్పగలను. ఇది మేఘం లాంటి నీరు కాదు. ఏడాది మొత్తం మీద సగటున నాలుగు డిగ్రీల సెల్సియస్ ఉండే చన్నీరు, బండల్ని పగలగొట్టే నీరు. టెటగూచ్ పార్కులో ఒడ్డును ఆనుకుని ఒక రాతి తోరణం ఉండేది. ఎందరెందరో ఫోటోలు తీసుకున్న ఆ తోరణం 2010లో కూలింది. మిగిలిన స్తంభం 2019లో పడిపోయింది. అంతటి పని చేసే నీటికి ఫోటోలో బరువు లేకుండా పోతే, ఎంత హాయిగా కనబడినా అది వేరే నీరు.

అర సెకను ఎంచుకుంటే సరిపోదు, అది ఎప్పుడు మొదలవ్వాలన్నది అసలు చిక్కు. అల ఎక్కుతున్నప్పుడు నొక్కితే నురుగంతా కలిసి తెల్లటి ముద్ద అవుతుంది. పూర్తిగా దిగిపోయాక నొక్కితే తడి బండ తప్ప ఏమీ మిగలదు. ఎక్కిన నీరు తన ఊపు చాలించి వెనక్కి తిరిగిన క్షణంలో నొక్కాలి. కెమెరా కదలకుండా ఉంటుందని చాలామంది రెండు సెకన్ల టైమరు పెడతారు. ఆ రెండు సెకన్లలో ఇక్కడ అల వెళ్లిపోతుంది. అందుకే చేతిలో కేబుల్ రిలీజ్ పట్టుకుని, కన్ను తెరకు అంటించకుండా నేరుగా నీటినే చూస్తూ నొక్కుతారు. మిత్రుడి ప్రింటులో గీతల మొదళ్లు పదునుగా, చివర్లు పలచగా ఉండటం చూస్తే ఆయన వేలు ఎంత సరైన చోట పడిందో అర్థమవుతుంది.

రాయి సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ గీతలు గీసింది సగం రాయే. దాదాపు 110 కోట్ల ఏళ్ల కిందట ఉత్తర అమెరికా ఖండం నడుమ చీలడం మొదలై, చీలిక పూర్తికాకుండానే ఆగిపోయింది. ఆ కాలంలో పొరలు పొరలుగా పారిన లావా చల్లబడి బసాల్ట్, రయొలైట్ రాళ్లయింది. ఆ బరువుకు మధ్యభాగం కుంగడంతో ఉత్తర తీరపు పొరలన్నీ సరస్సు వైపు వాలి ఉన్నాయి. అందువల్ల చాలా చోట్ల బండ మెల్లగా నీళ్లలోకి దిగుతుంది, అల దాని మీదికి పాకి, పాకినంత మేరా వెనక్కి జారుతుంది. నిటారుగా ఉండే పాలిసేడ్ హెడ్ రయొలైట్ కొండ కింద ఈ పప్పులుడకవు. అక్కడ అల కొట్టుకుని పైకి ఎగురుతుంది, అక్కడికి వేగంగా పనిచేసే షట్టరే సరి. బండ వాలు చూసి షట్టర్ నిర్ణయించుకోవాలని నేను ఏ పాఠంలోనూ చదవలేదు. మంచి ప్రింట్లు పక్కపక్కన పెట్టి చూస్తే మాత్రం అదే కనిపిస్తుంది.

సూర్యుడి దారి కూడా ఇక్కడ ప్రత్యేకం. తీరం ఈశాన్యంగా సాగుతుంది కాబట్టి జూన్‌లో సూర్యుడు తీరం వెంబడే పొడుస్తాడు, వెలుగు బండల మీద పక్కనుంచి పడి గరుకుతనాన్ని పైకి తెస్తుంది. డిసెంబరులో పొడుపు ఆగ్నేయానికి జరిగి, సరిగ్గా నీటికి ఎదురుగా వస్తుంది. అప్పుడు బండలన్నీ నల్లటి ఆకారాలవుతాయి, తడి అంచులు మాత్రం వెలుగుతాయి. మిత్రుడు సూర్యుడు పైకి రాకముందే తీయడానికి కారణం ఇదే. ఇంకో పావుగంట ఆగి ఉంటే ఆకాశం మండేది, రాతి మీద ఆ గీతలు చీకట్లో కలిసిపోయేవి. ఎర్రటి ఆకాశాన్ని వదులుకోవడానికి ధైర్యం కావాలి.

గడ్డకట్టే చలిలో ఈ పని ఒంటికీ కష్టమే, సామానుకూ కష్టమే. లెన్సు మీద పడిన తుంపర క్షణాల్లో మంచుపొర అవుతుంది, గుడ్డతో తుడిస్తే ఇంకా అలుక్కుపోతుంది. తెలిసినవాళ్లు అల వచ్చేదాకా లెన్సుకు మూత పెట్టి ఉంచి, చివరి క్షణంలో తీస్తారు. బ్యాటరీలు కోటు లోపలి జేబులో ఒంటి వేడికి ఉండాలి. తిరిగి వెచ్చటి గదిలోకి వెళ్లే ముందు కెమెరాను సంచిలో గట్టిగా మూసేయకపోతే లోపలంతా నీటి ఆవిరి పట్టేస్తుంది. చలి బాగా ముదిరిన ఉదయాల్లో గాలికంటే నీరే వెచ్చన కావడంతో సరస్సంతా ఆవిరి లేచి, క్షితిజరేఖ కనబడకుండా పోతుంది. దాన్ని తీయాలనే పనిగట్టుకుని వచ్చేవారున్నారు.

ఈ తీరం ఫోటోగ్రఫీ గురించి మాట్లాడి క్రెయిగ్ బ్లాక్‌లాక్ పేరు ఎత్తకపోతే తప్పు. తండ్రి లెస్ బ్లాక్‌లాక్ కూడా పేరున్న ప్రకృతి ఫోటోగ్రాఫరే. క్రెయిగ్ కాయక్ పడవలో తెడ్డు వేసుకుంటూ సరస్సు చుట్టూ తిరిగారు. 1993లో వచ్చిన ఆయన పుస్తకం ‘ది లేక్ సుపీరియర్ ఇమేజెస్’ను ఈ తీరం ఫోటోలు తీసేవాళ్లు ఇప్పటికీ వెతికి పట్టుకుంటారు. ఆ తరం వాళ్లు మోసిన పెద్ద ఫార్మాట్ కెమెరా పనితీరు ఇప్పటి కుర్రకారుకు వింతగా ఉంటుంది. నల్లగుడ్డ కప్పుకుని గాజుపలక మీద తలకిందులుగా పడిన దృశ్యాన్ని చూస్తూ ఫోకస్ చేయాలి. ఆ తర్వాత ఒక్క షీటు ఫిల్ము లోపల పెట్టగానే గాజుపలక మీద ఏమీ కనబడదు. షట్టర్ నొక్కేటప్పుడు చూడ్డానికి ఎదురుగా ఉన్న సరస్సు తప్ప ఇంకేమీ ఉండదు. నీటి రాకపోకలు కంటికి పట్టుబడి ఉంటేనే ఆ కెమెరా పలికేది. మిత్రుడు డిజిటల్ కెమెరా తెర వదిలేసి నీటిని చూస్తూ నొక్కడంలో ఆ పాత క్రమశిక్షణే ఉంది.

సరస్సుకు లోపలగా ఈలీ ఊరి అడవుల్లో జిమ్ బ్రాండెన్‌బర్గ్ చేసింది ఇంకో రకం తపస్సు. 1994 శరద్విషువత్తు నుంచి దక్షిణాయనాంతం దాకా తొంభై రోజులు, రోజుకు ఒక్కసారి మాత్రమే షట్టర్ నొక్కాలని నియమం పెట్టుకున్నారు. రెండో అవకాశం లేదు. ఆ ఫోటోలు 1998లో ‘చేజ్‌డ్ బై ద లైట్’ పుస్తకమయ్యాయి. అదే పద్ధతి అందరూ పాటించాలని నేననను. కానీ ఒక ఉదయం వందల ఫ్రేములు తీసి ఇంటికొచ్చి ఏరుకునే అలవాటుకు అది మంచి మందు.

రంగు విషయంలో మాత్రం ఇప్పటి ఫోటోల మీద నాకు కోపం ఉంది. ఈ తీరానికి సొంత రంగులు చాలా ఉన్నాయి. రయొలైట్ ఎరుపు, బండల మీద పాకిన నారింజరంగు లైకెన్, నీడలో మంచుగడ్డ నీలం. తడి రాతి మీద మెరుపును పోలరైజర్ తగ్గిస్తే ఆ ఎరుపు దానంతటదే బయటికొస్తుంది. కంప్యూటరు ముందు కూర్చుని ఇంకా ఎర్రబరచాల్సిన పని లేదు. మిత్రుడు పగుల్లోని మంచును నీలంగానే వదిలేశారు. అది ఆకాశం వెలుగు మాత్రమే పడిన చోటు, అక్కడ నీలం నిజం. సిల్వర్ బే ఊళ్లోని బ్లాక్ బీచ్ దగ్గర ఆ నల్లటి ఇసుక పుట్టుక తెలిసి తీయడం మేలు. టాకనైట్ అనే ఇనుప ఖనిజాన్ని శుద్ధి చేశాక మిగిలిన వ్యర్థాన్ని 1980 దాకా అక్కడ సరస్సులోకే వదిలారు. ఆ పొడే ఒడ్డుకు చేరి నల్ల తీరమైంది. ఆ సంగతి తెలిసి తీసిన ఫోటోలో అందంతో పాటు ఇంకేదో కూడా ఉంటుంది.

ఈ తీరంలోనే ఉన్న స్ప్లిట్ రాక్ లైట్‌హౌస్ గురించి రెండు మాటలు చాలు. 1905 నవంబరు తుఫానులో ఓడలు బద్దలయ్యాక కట్టి, 1910లో వెలిగించారు. 1969లో ఆర్పేశారు. ఎడ్మండ్ ఫిట్జ్‌జెరాల్డ్ ఓడ ఈ సరస్సులో 29 మందితో మునిగిపోయిన నవంబరు 10న ఏటా మళ్లీ వెలిగిస్తారు. కింద గులకరాళ్ల ఒడ్డు నుంచి అందరూ తీసే ఫోటో ఒకటే. బాగానే ఉంటుంది గానీ, ఇప్పుడు అందులో ఫోటోగ్రాఫరు చేసేది తక్కువ.

డులూత్ దాటి అరవై ఒకటో నంబరు రోడ్డు పట్టే మన తెలుగు కుటుంబాలు ఇప్పుడు చాలా ఉన్నాయి, వాళ్లలో కెమెరా మోసుకెళ్లేవాళ్లకు చివరగా ఈ మాటలు. గ్రాండ్ పోర్టేజ్ దగ్గర బండను పట్టుకుని వందల ఏళ్లుగా నిలిచిన చిన్న దేవదారు చెట్టు ఓజిబ్వే ప్రజలకు పవిత్రం. వాళ్ల తరఫు మనిషి వెంట లేకుండా అక్కడికి వెళ్లకండి. లైకెన్ మీద కాలు పెట్టకండి, అది మళ్లీ పెరగడానికి ఏళ్లు పడుతుంది. ఇక బండ దగ్గరికి చేరగానే కెమెరా తీయకుండా కాసేపు నిలబడి చూడండి. రాయి ఎంత మేర తడిగా మెరుస్తోందో అంత మేరా అల వచ్చి వెళ్లిందని అర్థం. ట్రైపాడూ, మీ కాళ్లూ ఆ గీతకు వెనకే ఉండాలి.